కుడి చేతి ప్యాడ్

జూన్ 2, సోమవారం

కోడలు పనిచేసే ఆసుపత్రికి ఏదో మందుల కంపెనీ ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగున ఒక జబ్బు పేరు, దానికో మాత్ర. ఈ రోజు పేజీకి మలబద్ధకం వచ్చింది. శుభారంభం.

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పుడు రోజూ సాయంత్రం మా వాడి బాక్సింగ్ హాల్లో గంట కొడుతున్నాను. మూడు నిమిషాల రౌండు, గంట, నిమిషం విరామం, మళ్ళీ గంట. బడిలో గంట కొట్టే మనిషికి నాకంటే గౌరవం ఉండేది. ఆయన కొడితే కనీసం పిల్లలు ఇంటికి పోయేవాళ్ళు.

హాలంటే పాత కలప గోదాము. పైన రేకులు, కింద ఒక రింగు, గుద్దడానికి వేలాడదీసిన అయిదు బ్యాగులు, మూల పగిలిన నిలువుటద్దం, ఒక గోడ నిండా మా వాడి శిష్యులు గెలిచినప్పటి ఫొటోలు. నా కుర్చీ ఆ గోడ కిందే.

కబురు ఈ రోజే వచ్చింది. మా మనవరాలు పిట్టకి ఈ నెల ఇరవై ఎనిమిదిన సెలక్షన్ ఫైనల్. గెలిస్తే జాతీయ జట్టు. ఓడితే ఇంకో రెండేళ్ళు ఎదురు చూడాలి. పందొమ్మిదేళ్ళ పిల్ల, యాభై కిలోలు, తొమ్మిదో ఏట నుంచి తండ్రి చేతి కిందే పెరిగింది. కబురు వినగానే వాళ్ళ నాన్న నవ్వలేదు. వెళ్ళి తుడిచిన రింగునే మళ్ళీ తుడిచాడు. వాడి సంతోషం అలాగే ఉంటుంది, చిన్నప్పటినుంచీ.

కోడలు మాత్రం, "ఈ ఇంట్లో అందరూ కొట్టేవాళ్ళే అత్తయ్యా, కట్టు కట్టేది నేనొక్కదాన్నే" అంది. నర్సు కదా, నిజమే చెబుతుంది.

జూన్ 4, బుధవారం

కండక్టరు వచ్చాడు. మా వాడి మొట్టమొదటి శిష్యుడు. గోడ మీద పై వరసలో మొదటి ఫొటో వాడిదే. సిటీ బస్సులో టిక్కెట్లు కొడతాడు. డ్రైవరు కావాలని వాడి కోరిక.

"ఏమయ్యా, స్టీరింగు ఎప్పుడు పట్టుకుంటావు? నీ బస్సులో ఎక్కకుండానే నేను పోయేట్టున్నాను" అన్నాను.

"ఈ జన్మకి కాదులెండి టీచరుగారూ. మూడోసారి కూడా కంటి పరీక్ష పోయింది. ఎడమ కన్ను సగం చీకటే. టిక్కెట్లు చింపడానికి ఒక కన్ను చాలన్నారు."

"ఎడమదే ఎందుకు పోయింది?"

"దెబ్బలన్నీ అక్కడే తిన్నాను కదండీ. మనవాళ్ళం అందరం అక్కడే తింటాం." చెమట తుడుచుకుంటున్నట్టు మామూలుగా అన్నాడు. "నది అవతల హాల్లో పాఠం చెప్పినట్టు చెబుతారంట. ఈ హాలు వాళ్ళతో పడ్డప్పుడు డొక్క కాచుకోండి, ఎడమ కంటి మీద కొట్టండి అని."

వాడు వెళ్ళాక లేచి ఫొటోల దగ్గర నిలబడ్డాను. పదేళ్ళుగా వాటి కిందే కూర్చుంటున్నాను, వాటికి వీపు పెట్టి. ఇరవై మూడు ఫొటోలు. అందరూ గెలిచినవాళ్ళే, అందరి చేతుల్లోనూ కప్పులు. పదిహేడుమందికి ఎడమ కనుబొమ్మ మీద వాపో, ప్లాస్టరో. కుడివైపు దెబ్బ ఉన్నది ఇద్దరికి.

నలభైమంది పిల్లలు ఒకే లెక్కలో ఒకే తప్పు చేశారంటే దిద్దవలసింది వాళ్ళ పుస్తకాలు కాదు. వెనక్కి తిరిగి నల్లబల్ల మీద నేనేం రాశానో చూసుకోవాలి.

జూన్ 5, గురువారం

ఈ రోజు గంట రెండుసార్లు ఆలస్యంగా కొట్టాను. పిల్లలు తిట్టుకున్నారు. మా వాడు ప్యాడ్లు పట్టడం చూస్తూ ఉండిపోయాను.

ప్యాడ్లంటే కోచ్ రెండు చేతులకూ తొడుక్కునే తోలు దిండ్లు. పిల్లలు వాటి మీద గుద్దుతారు. గుద్దిన చెయ్యి వెంటనే చెంప దగ్గరకు తిరిగి రావాలి. రాకపోతే కోచ్ అదే ప్యాడ్‌తో ఆ చెంప మీద చరుస్తాడు. రెండు నెలలు అలా చరిస్తే చెయ్యి దానంతటదే ఇంటికి వస్తుంది. నోటితో ఎంత చెప్పినా రాదు. చెంపకు తెలియాలి.

పిట్ట కుడి చెయ్యి కొంచెం దిగితే వాళ్ళ నాన్న ఎడమ ప్యాడ్ పాములా లేచి చెంపకు తగులుతోంది. ఎడమ చెయ్యి దిగినప్పుడు తగలవలసింది కుడి ప్యాడ్. అది లేవదు. వాడి కుడి భుజం మెడ ఎముక దాటి పైకి రాదు. ఇరవై రెండో ఏట పోయిన భుజం అది.

అందుకే వాడు కుడి ప్యాడ్ ఎప్పుడూ రొమ్ము ఎత్తులోనే పడతాడు. పిల్లలు ఎడమ చేత్తో కిందికే గుద్దుతారు, కిందికే తెచ్చుకుంటారు. డొక్కలో వాళ్ళ ఎడమ దెబ్బ తగిలితే ఎదుటివాళ్ళు నేల మీద కూర్చుంటారు. ఆ దెబ్బకే ఈ హాలుకు పేరు. పేరు వచ్చిన చోటే చెంప ఖాళీగా ఉంది. ఒక్కరికీ, ఇన్నేళ్ళలో ఒక్కరికి కూడా, ఎడమ చెంప మీద ప్యాడ్ దెబ్బ పడలేదు. రింగులోనే మొదటిసారి పడుతోంది.

పిట్టవి లెక్కపెట్టాను. ఒక రౌండులో ఎడమ చెయ్యి ఇరవై ఆరుసార్లు వేసింది. చెంప దగ్గరకు నాలుగుసార్లు తెచ్చింది.

జూన్ 6, శుక్రవారం

రేపు చెబుతాను.

జూన్ 7, శనివారం

మా వాడికి పన్ను నొప్పి. పన్ను నొప్పి మనిషికి ఏం చెబుతాం?

జూన్ 9, సోమవారం

పన్ను తగ్గింది. కుర్రాళ్ళకి తాడాట నేర్పుతున్నాడు. పది మంది మధ్యలో చెబితే బాగుండదు.

జూన్ 11, బుధవారం

భోజనాల దగ్గర చుట్టుతిప్పి అడిగాను.

"నది అవతల కోచ్ పిల్లలు ఎలా ఆడతారురా?"

"నున్నటి టైల్స్ నేల అమ్మా వాళ్ళది. జారుతుంది. కాలు గట్టిగా ఆన్చితే పడతారు. అందుకని పుట్టినప్పటినుంచీ మునివేళ్ళ మీదే ఉంటారు. ఒక్కడూ దొరకడు, ఒక్కడి దెబ్బలోనూ పస ఉండదు." నవ్వాడు. "పిల్లల్ని చూస్తే చాలు, వాళ్ళ కోచ్ ఏంటో, హాలు ఏంటో చెప్పెయ్యచ్చు."

"మరి మన పిల్లల్ని చూసి వాళ్ళేం చెబుతారో?"

"డొక్క విరగ్గొడతారని చెబుతారు."

"ఇంకా?"

"అమ్మా, నువ్వు గంట కొట్టు. మిగతాది నేను చూసుకుంటా."

కోడలు నా వంక చూసింది. నేను నీళ్ళు తాగాను. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చినట్టయింది.

జూన్ 14, శనివారం

వంటింట్లో పిట్ట ఒక్కతే దొరికింది. పిల్లి మీగడ తిన్నట్టు చప్పుడు లేకుండా పాలు తాగుతోంది. బరువు చూసుకోవాలని వాళ్ళమ్మ వద్దన్న పాలు.

"ఎడమ చెయ్యి చెంప దగ్గర పెట్టుకోవే" అన్నాను.

"ఏంటి?"

"ఆడేటప్పుడు. కొట్టాక చెయ్యి చెంప దగ్గరకి తెచ్చుకో."

"నానమ్మా, చిన్నప్పుడు కూడా ఇంతే. వంగి రాయకు, దగ్గర్నుంచి చదవకు, దువ్వుకోకుండా తిరగకు." పై పెదవికి అంటిన పాలు చేత్తో తుడుచుకుంది. "సరే, పెట్టుకుంటాలే. నువ్వు పాల సంగతి అమ్మకి చెప్పకు."

"చెప్పను."

అదీ సంగతి. చెప్పాను. ఎందుకో, ఎవరివల్లో అక్కర్లేదు. పిల్ల తెలివైనది. చెప్పలేదని రేపు ఎవరూ అనడానికి వీల్లేదు.

జూన్ 16, సోమవారం

ఇరవై తొమ్మిదిసార్లు వేసింది. మూడుసార్లు తెచ్చింది.

జూన్ 19, గురువారం

కోడలు అడిగింది. "అత్తయ్యా, ఏమైంది మీకు? నాలుగు రోజుల నుంచి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

నా నోటికి ఇంత గుర్తింపు ఉందని ఇప్పుడే తెలిసింది. కీళ్ళ నొప్పులన్నాను. మాత్ర ఇచ్చింది. ఈ రోజు పేజీ అడుగున కూడా అదే మాత్ర.

జూన్ 22, ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను.

మా వాడికి భుజం జారినప్పుడు డాక్టరు నెలలోపు ఆపరేషన్ చేయించమన్నాడు. వాడు మత్తులో ఉన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్ని. మా ఆయన అప్పటికే లేరు. రెండు నెలల్లో బ్యాంకు పరీక్ష ఉంది. కత్తి పెడితే ఆరు నెలలు మంచం. కత్తి పెట్టకపోతే చెయ్యి పైకి రాదు, చెయ్యి రాకపోతే ఈ గుద్దులాట పోతుంది, గుద్దులాట పోతే పిల్లవాడు మనిషి అవుతాడు. అంతా లెక్క ప్రకారమే వేశాను. "విశ్రాంతి తీసుకుంటే అదే సర్దుకుంటుందన్నారు" అని వాడికి చెప్పాను.

వాడు పరీక్ష రాయలేకపోయాడు. రాయవలసింది కుడి చేత్తోనే కదా.

మరుసటి ఏడు ఈ గోదాము అద్దెకు తీసుకున్నాడు.

జూన్ 24, మంగళవారం

చెబితే, "ఆ చెయ్యి ఎందుకిలా అయింది?" అని వాడు ఆలోచించడం మొదలుపెడతాడు. అక్కడినుంచి నా దాకా ఎంతసేపు?

జూన్ 27, శుక్రవారం

రేపే. ఇప్పుడు చెబితే పిల్ల తడబడుతుంది. ఉన్న ఆట కూడా పోతుంది. ఈ పరిస్థితిలో చెప్పకపోవడమే మంచిది.

ఈ కారణం మిగతావాటికంటే బాగుంది. మొదటే తట్టి ఉంటే మూడు వారాల శ్రమ తప్పేది.

జూన్ 28, శనివారం

ఇండోర్ స్టేడియం. మధ్యాహ్నం మూడింటికి. కోడలు నా పక్కనే కూర్చుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. రింగు వైపు చూడదు. నా మొహం చూసి తెలుసుకుంటుంది. అందుకని నేను మొహం కదపకూడదు.

ఎదుటి పిల్ల నది అవతల హాలుది. పొడుగు. మునివేళ్ళ మీద తిరుగుతోంది. మొదటి నిమిషం ఏమీ చెయ్యలేదు, పిట్టని చూసింది అంతే. పిట్ట ఎడమ చెయ్యి వేసింది, రొమ్ము దగ్గరకు తెచ్చుకుంది. మళ్ళీ వేసింది. మూడోసారి ఆ చెయ్యి వెనక్కి వస్తున్న దారి మీదుగానే ఆ పిల్ల కుడి చెయ్యి వచ్చింది. తలకు తొడుగు ఉన్నా చప్పుడు మా దాకా వినిపించింది.

"చెయ్యి పైకి" అని మా వాడు అరిచాడు. పిట్ట ఎత్తింది. రెండు దెబ్బల తరవాత మళ్ళీ దించింది.

మొదటి రౌండులో ఏడు. రెండో రౌండులో పదకొండు. అన్నీ ఎడమ కంటి మీద. నేను లెక్కపెట్టడం ఆపలేకపోయాను. వేరే పని ఏమీ చేతకాని మనిషి చేసే పని అది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగానే ఉంది."

మూడో రౌండులో ఆ పొడుగు పిల్లకు ధీమా వచ్చింది. దగ్గరకు వచ్చేసింది. పిట్ట ఎడమ చెయ్యి దాని డొక్కలోకి వెళ్ళింది. ఒక్కటే. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని నేల వంక చూస్తూ ఉండిపోయింది. పది దాకా లెక్కపెట్టినా లేవలేదు.

మా వాడు పిట్టని ఎత్తుకున్నాడు, ఎడమ చేత్తో. వాడు మనసారా నవ్వడం చాలా ఏళ్ళకు చూశాను. ఫొటో తీశారు. గోడ మీదకి ఇరవై నాలుగోది.

జూన్ 29, ఆదివారం

గెలిచింది. నేనే ఊరికే కంగారు పడ్డాను. ముసలివాళ్ళకు పనిలేక ఇలాంటివి తోస్తాయి.

జులై 2, బుధవారం

పొద్దున పిట్ట దండెం మీద బట్టలు ఆరేస్తోంది. తువ్వాలు ఒక కొస పట్టుకుని ఆగిపోయింది.

"నానమ్మా, మన ఎడమవైపు ఎవరైనా నిలబడ్డారా?"

"లేదే."

"నల్లగా ఉంది. తెర లాగినట్టు."

కోడలు లోపలినుంచి వచ్చింది. మిణుగురుల్లా మెరిశాయా అని అడిగింది. మొన్నటినుంచీ అంది పిట్ట. ఎందుకు చెప్పలేదే అని అడిగింది. గెలిచానుగా అమ్మా, వాపేమో అనుకున్నా అంది. కోడలు ఇంకేమీ అడగలేదు. చెప్పులు వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ తువ్వాలు సాయంత్రం దాకా సగం బకెట్లో, సగం నేల మీద ఉంది.

జులై 3, గురువారం

కంటి లోపలి పొర ఊడిందట. ఆపరేషన్ చేశారు. డాక్టరు మా వాడికేసి చూసి, "ఇది ఒక్క రోజు దెబ్బ కాదండీ. ఏళ్ళ తరబడి పడినవి. మొన్నటివి ఆఖరివి" అన్నాడు.

మా వాడు "ప్రాక్టీసులో జాగ్రత్తగానే ఉంటామండీ" అన్నాడు. పరీక్ష తప్పిన పిల్లవాడి తండ్రి నా ముందు నిలబడి మాట్లాడినట్టే మాట్లాడాడు.

జులై 4, శుక్రవారం

బోర్లా పడుకోమన్నారు, వారం రోజులు. మొహం కింద దిండులో కన్నం. మంచం పక్కన నేల మీద కూర్చుని పేపరు చదివి వినిపించాను. సినిమా పేజీలే కావాలంది.

జులై 11, శుక్రవారం

ఆ కంటికి వెలుగు తెలుస్తుంది. మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఎవరో తెలియదు. ఇంతకంటే రాదన్నారు. బాక్సింగ్ ఇక లేదు. జట్టులోకి ఆ పొడుగు పిల్లను తీసుకున్నారు.

జులై 13, ఆదివారం

హాలు మూసి ఉంది. మా వాడు లోపల ఒక్కడే కూర్చుని పిల్లలు గ్లవ్స్ కింద చుట్టుకునే చేతికట్లు ఉతికి ఆరేస్తున్నాడు. గెలిచిన ఫొటో ఇంకా కవరులోనే ఉంది.

"నీకో మాట చెప్పాలి. కోపం వస్తే చివర్న కోప్పడు, మధ్యలో వద్దు" అన్నాను.

అంతా చెప్పాను. ఫొటోలు, కండక్టరు, పదిహేడుమంది, ప్యాడ్లు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను, ఒక మెట్టు తరవాత ఒక మెట్టు. వేరేలా చెప్పడం నాకు రాదు.

లేచి రెండు ప్యాడ్లూ తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడ్డాడు. ఎడమది తల పైకి వెళ్ళింది. కుడిది మెడ ఎముక దగ్గర ఆగింది. పళ్ళు బిగించి మళ్ళీ లేపాడు. అక్కడే ఆగింది.

"నోటితో చెబుతూనే ఉన్నానమ్మా. చెయ్యి పైకి, చెయ్యి పైకి అని. రోజూ చెప్పాను కదా."

"చెప్పావు నాన్నా."

"కండక్టరుది కూడా నేనేనా?"

ప్యాడ్లు తీసేశాడు. ఒక్కొక్క ఫొటో దగ్గరా ఆగుతూ గోడ చివరి దాకా నడిచాడు. చాలాసేపు పట్టింది. వెనక్కి వచ్చి, "నువ్వెప్పుడు కనిపెట్టావు?" అన్నాడు.

"మొన్న ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు. తీరిగ్గా ఆలోచిస్తే తట్టింది."

నమ్మాడు. నేను అబద్ధమాడగా వాడు ఎప్పుడూ చూడలేదు. చూసినా తెలియలేదు.

"ఈ చెయ్యి..." అని భుజం పట్టుకున్నాడు. అడగబోతున్నాడనుకున్నాను. "ఏం చేస్తాం. దేవుడు అలా రాశాడు."

దేవుడి మీద ఇంకో నింద పడింది. ఆయనకు అలవాటే. నేను మిగిలిన తడి కట్లు ఆరేశాను.

జులై 16, బుధవారం

ఇకనుంచి ప్యాడ్లు కండక్టరు పడతాడు, డ్యూటీ లేని పూటల్లో. మా వాడు పక్కన నిలబడి చూస్తాడు. ఈ సాయంత్రం ఒక కుర్రాడు చెయ్యి దించాడు. కండక్టరు కుడి ప్యాడ్ లేచి ఎడమ చెంప మీద తగిలింది. కుర్రాడు కంగారు పడి చెంప తడుముకున్నాడు. మా వాడు గోడ వైపు తిరిగాడు.

జులై 18, శుక్రవారం

పిట్ట గ్లాసు పక్కన నీళ్ళు పోసింది. అందరం చూడనట్టు ఉన్నాం. ఇప్పుడు ఇంట్లో అందరం దాని కుడివైపే కూర్చుంటున్నాం. ఎవరూ చెప్పలేదు, అలా అలవాటైపోయింది.

జులై 20, ఆదివారం

సాయంత్రం వీధి వరండాలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, పిట్టా నేనూ. దాని కుడివైపు నేను. వాళ్ళ నాన్న దానికి అంతా చెప్పాడట. చేతులు పట్టుకుని ఏడ్చాడట.

"నాన్న అలా ఏడవడం ఎప్పుడూ చూళ్ళేదు నానమ్మా. నాకే జాలేసింది."

"ఊఁ."

"నువ్వే కనిపెట్టావంట కదా."

"ఊఁ."

వీధిలో ఎవరో సైకిలు తోసుకుంటూ పోయారు.

"ఆ రోజు వంటింట్లో, పాలు తాగుతుంటే, ఎడమ చెయ్యి చెంప దగ్గర పెట్టుకోమన్నావు. గుర్తుందా?"

"ఉంది."

"అప్పటికే నీకు తెలుసా? నాన్న ప్యాడ్ సంగతి?"

వాళ్ళ నాన్నకు చెప్పిన అబద్ధం నాలుక మీదే ఉంది. తయారుగా, ఒకసారి వాడుకుని పదును చూసినది. కాని ఈ పిల్ల నా మొహానికి దగ్గరగా వచ్చి, ఉన్న ఒక్క కంటితో చూస్తోంది.

"తెలుసు" అన్నాను.

"ఎప్పటినుంచి?"

"జూన్ అయిదు."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. నేను ముందే చెప్పగలను, కాని చెప్పలేదు.

"ఇరవై మూడు రోజులు" అంది. గొంతులో కోపం లేదు. మార్కులు చూసుకుంటున్నట్టు అంది. "నాకు పది రోజులు చాలేవి నానమ్మా. ఎందుకో చెప్పి ఉంటే."



లేచింది. లోపలికి వెళుతుందనుకున్నాను. కుర్చీ ఎత్తి, నా ముందునుంచి తీసుకెళ్ళి, నాకు అవతలి పక్కన వేసుకుని కూర్చుంది. ఎండ పడుతోందేమో అనుకున్నాను. ఆ వేళకు మా వరండాలో ఎండ ఉండదు.

ఇప్పుడు దాని ఎడమవైపు నేను.

చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం. వీధిలో వచ్చేపోయేవాళ్ళను చూసింది. ఎదురింటివాళ్ళు పలకరిస్తే జవాబు చెప్పింది. నా వైపు తల తిప్పలేదు. లేచి రెండడుగులు వేస్తే అటు పక్కకు వెళ్ళగలను. వెళ్ళలేదు.